బజ్జీల షరతు

ఆ షరతు పెట్టింది నేనే. తర్వాత తప్పు వాళ్లదని, వీళ్లదని చాలామంది అన్నారు గానీ లెక్క మొదలు పెట్టవలసిన చోటు అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

మద్దిలపాలెం బస్సు డిపో వెనక వీధిలో నాకు కంప్యూటర్ల షాపు ఉండేది. తొంభై నాలుగులో టైపు ఇన్‌స్టిట్యూట్లకి రిబ్బన్లు, కార్బన్ కాగితాలు అమ్మేవాణ్ణి. టైపు మిషన్ల కాలం అయిపోతోందని అందరికంటే రెండేళ్ల ముందు కనిపెట్టి ఫ్లాపీలకి, తర్వాత కీబోర్డులకి, మదర్‌బోర్డులకి మారాను. వ్యాపారంలో నాకున్న తెలివి అంతే. ఏది పోబోతోందో ముందు చూడడం. ఆ తెలివి మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

షాపు పైన ఒక హాలు ఖాళీగా ఉండేది. రెండువేల రెండులో సాయిశంకర్ అనే కుర్రాడు వచ్చి నెలకో పూట ఇస్తారా అని అడిగాడు. వాళ్ల నాన్నది కృష్ణా జిల్లా. స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి టౌన్‌షిప్‌లో స్థిరపడ్డ కుటుంబం. వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లు ఊళ్లో అక్కడొకడు ఇక్కడొకడు ఉన్నారని, అందరూ ఒకచోట కూర్చుని ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటారని అన్నాడు. అలా వచ్చేవాళ్లు కిందికి దిగేటప్పుడు నా షాపులోంచే దిగాలి. సరే అన్నాను.

నెలలో రెండో ఆదివారం, ఉదయం పది గంటలకి మీటింగు. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, నా ప్రొజెక్టరు. ఒక్కో నెల ఒక్కొక్కరు మాట్లాడేవారు. పేజీలో ఫారం ఎలా పెట్టాలి, అందులో నింపిన వివరాలు ఎక్కడ దాచాలి, మళ్లీ ఎలా తీసి చూపించాలి. మాట్లాడినవాడి ఫైళ్లన్నీ చివర్లో అందరూ సీడీ మీద కాపీ చేసుకుని వెళ్లడం అక్కడి పద్ధతి. సీడీలు కింద నా దగ్గరే కొనేవారు.

ఇబ్బంది ఒక్కటే. మాట్లాడేవాడు బటన్ నొక్కగానే తెర తెల్లగా అయిపోయి ఊరుకునేది. ఫోను లైను తెగేది, లేకపోతే కింద షాపులో పేజీకి వివరాలందించే నా మిషన్ మొండికేసేది. దాన్ని బాగుచేస్తూ వాడు అరగంట చెమటలు కక్కేవాడు. జనం ఆవలిస్తూ వెనక మెట్ల మీదుగా జారుకునేవారు. ఆవలించినవాడు ఏమీ కొనడు. అది చూసి ఒక ఆదివారం లేచి చెప్పాను.

"ఇదిగో బాబూ, ఇకనుంచి ఎవుడి పేజీ తెర మీద ఆగిపోతే ఆడే హాలు మొత్తానికి మిరపకాయ బజ్జీలు తెప్పించాల."

హాలంతా గొల్లున నవ్వింది. షరతు అతుక్కుపోయింది. పేజీ తెల్లబడిందంటే చాలు, నలభై గొంతులూ ఒక్కసారిగా "బజ్జీ!" అని అరిచేవి. బజ్జీలు పెద్ద విషయం కాదు. ఆ అరుపు తగిలేది. జ్యోతిర్మయి అనే అమ్మాయి మొదటిసారి మాట్లాడిన రోజు మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ అరిచారు. ఆ పిల్ల ముఖం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కళ్లు తుడుచుకుంది. నేను చూశాను. ఆ రోజు ఒక్కరు కూడా మధ్యలో వెళ్లిపోలేదన్నది కూడా చూశాను. షరతు పనిచేస్తోంది అనుకున్నాను.

తర్వాతి నెల సాయిశంకర్ వంతు. తెర మీద ఏదో లెక్కల పేజీ పెట్టాడు. పైన గడియారం సెకన్లతో సహా తిరుగుతోంది. కాసేపు మాట్లాడి, "ఇప్పుడేం జరిగిందో ఎవరైనా చూశారా అండీ?" అన్నాడు.

ఎవరూ చూడలేదు. కింది మిషన్ నుంచి వచ్చే వైరు చేత్తో పైకెత్తి చూపించాడు. "పది నిమిషాల క్రితమే పీకేశాను."

పేజీ అలాగే ఉంది. అంకెలున్నాయి. గడియారం తిరుగుతోంది.

"కిటుకేం లేదండీ. పేజీకి లెక్క అందకపోతే చివరిసారి అందిన లెక్కే చూపిస్తుంది. అందలేదని మాత్రం చెప్పదు. గడియారమంటారా, అది చూసేవాడి కంప్యూటర్‌ది. దానికీ దీనికీ సంబంధం లేదు. తిరుగుతూ ఉంటే చూడ్డానికి బావుంటుందని పెట్టా."

"ఎందుకోయ్ ఇదంతా?" అన్నారెవరో వెనక నుంచి.

"బజ్జీలు తప్పించుకోడానికి!"

చప్పట్లతో హాలు అదిరింది. ఆ ఫైలుకి వాడు 'అడ్డు' అని పేరు పెట్టాడు. ఆ రోజు నా దగ్గర సీడీలు అయిపోయి పక్క షాపు నుంచి తెప్పించాను.

ఆ తర్వాత రెండేళ్లు ఎవరి పేజీ కూడా ఆగలేదు. వీధి మొదట్లో బజ్జీలు వేసే జోగమ్మ ఒకరోజు నన్ను ఆపింది.

"ఏటి బాబూ, మీ మేడమీదోళ్లు నా బజ్జీలు మానీసేరేటి?"

"మావోళ్ల పేజీలు ఆగడం మానేసాయే జోగమ్మా."

"అదేటి! ఆగకండా ఎలగుంటాయి బాబూ? నా పొయ్యి రోజుకి రెండుమాట్లు ఆరిపోతాది."

నవ్వి వచ్చేశాను. ఏది పోబోతోందో ముందు చూసేవాణ్ణి కదా, అక్కడే ఆగి ఆలోచించవలసింది.

రెండువేల ఆరులో పరవాడ వైపు కట్టిన ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్లు కంప్యూటర్ల కోసం వచ్చారు. కంప్యూటర్లతో పాటు ఇంకొకటి కావాలన్నారు. ఏ బ్లాకులో ఎంతమంది ఉన్నారో ఎప్పటికప్పుడు సేఫ్టీ గదిలో కనిపించే పేజీ. అప్పటిదాకా వాళ్లకి ఇత్తడి బిళ్లలుండేవి. లోపలికి వెళ్లేవాడు తన నంబరు బిళ్లని సేఫ్టీ గదిలో చెక్క పలక మీద ఆ బ్లాకు మేకుకి తగిలించాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. మేకు మీద బిళ్ల ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఇప్పుడు గేటు దగ్గర కార్డు గీస్తే చాలు, తెర మీద అంకె మారిపోవాలి.

ఈ బేరంలో నేను మూడు లాభాలు చూసుకున్నాను. కంప్యూటర్లు నావి. పేజీ పని జ్యోతిర్మయికి ఇప్పిస్తే మా మీటింగుకి పేరు. మూడోది మా బావ చలమయ్య. మా అక్క గౌరీశ్వరి పెనిమిటి. వాళ్ల పొలం ఆ ఫ్యాక్టరీల కిందే పోయింది. ఏడాదిగా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. మేనేజరుతో మాట కలిపి మూడో బ్లాకులో ట్యాంకులు కడిగే కాంట్రాక్టు పనిలో బావని పెట్టించాను. నలుగురి జట్టుకి మేస్త్రి.

పేజీ అప్పగించే ముందురోజు జ్యోతిర్మయి షాపుకి వచ్చింది.

"సార్, అలవాటుగా ఇందులో కూడా అడ్డు పెట్టేసేనండి. తీసేద్దామా? ఇది మనుషుల లెక్క కదా."

"రేపు మేనేజరు ముందు తెర తెల్లబడితే ఏటి సెప్తావు? ముందు అప్పగించనీ. తర్వాత తీసేద్దువు."

తలూపి వెళ్లిపోయింది.

మర్నాడు సేఫ్టీ గదిలో మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. గేటు నుంచి లెక్క తెచ్చే వైరు కుర్చీ కాలికి చుట్టుకుని ఊడి నేల మీద పడింది. నాకు కనిపించింది. తెర మీద మూడో బ్లాకు పదకొండు అని చూపిస్తూనే ఉంది, పైన గడియారం తిరుగుతూనే ఉంది. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ వైరుని కాలి బొటనవేలితో తోసి, వంగి చెప్పులు సర్దుకుంటున్నట్టు మళ్లీ గుచ్చేశాను.

"మనిషి తప్పు చెప్తాడు సార్, ఇది చెప్పదు," అన్నాను.

ఆ మాట మేనేజరుకి నచ్చింది. గది వాచ్‌మన్ తవిటయ్యని పిలిచి, చెక్క పలకని తీసి పక్కన పెట్టమన్నాడు.

జులైలో ఒక ఆదివారం అక్కా బావా మా ఇంటికి భోజనానికి వచ్చారు. చేపల పులుసు కలుపుకుంటూ బావ నవ్వాడు.

"మీ కంప్యూటర్ బలే తమాసాగుంది బావా. మొన్న నాను బయట టీ తాగతన్నాను. తవిటయ్యొచ్చి, ఇదేటి, నువ్వు లోపలున్నావు కదా, కంప్యూటర్ సెప్తంది అన్నాడు. టీ తాగతన్నోడు ఎవుడ్రా మరి అన్నాను."

"కాసేపు ఆలస్యంగా మారుతుంది బావా, అంతే," అన్నాను. తెలియక అనలేదు.

"ఆ పని మనకెందుకు, ఒగ్గేయమని ఎన్నిమాట్లు సెప్పినా ఇనడురా," అంది అక్క. "ట్యాంకులోకి దిగుతాడంట. కడిగీసినాక అందులోకి ఏదో గేసొదుల్తారంట."

"నైట్రోజనే," అన్నాడు బావ. "మమ్మల్ని బయటికి పంపీసేకే ఒదుల్తారు. వాసనుండదు, రంగుండదు. ఊపిరాడతన్నట్టే ఉంటాదంట. పడిపోయేదాకా మనిసికి తెల్దంట." చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. "అందుకే మా జట్టు నలుగురం ఇంకా బిళ్లలు తగిలిత్తన్నాం. పలక తలుపెనక్కి నెట్టీసేరు. అయినా ఎల్లి తగిలించొత్తాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ. బిళ్ల తగిలిత్తే నానక్కడున్నట్టుంటాది."

నేనూ నవ్వాను. మర్నాడు జ్యోతిర్మయికి ఫోను చేసి ఆ ఫైలు సంగతి అడగాలనుకున్నాను. సోమవారం సరుకు లారీ వచ్చింది. మరిచిపోయాను.

అక్టోబరు రెండో ఆదివారం. ఆ నెల మాట్లాడవలసింది జ్యోతిర్మయే, అదీ ఆ ఫ్యాక్టరీ పేజీ గురించి. పొద్దున్నే మా ఇంటికొచ్చిన అక్క అక్కణ్ణుంచి షాపుకి ఫోను చేసి, బావ ఆదివారమైనా డ్యూటీకి వెళ్లాడని, పని పదకొండుకి అయిపోతుందట, అటునుంచి అటే మా ఇంటికి వస్తాడని చెప్పింది.

మీటింగు బాగా జరిగింది. తన కంప్యూటర్లో ఉన్న నకలు పెట్టి బ్లాకులు, అంకెలు, గడియారం అన్నీ చూపించింది. ఇప్పుడా అమ్మాయికి తడబాటు లేదు. ప్రశ్నలడిగే వేళకి చంద్రిక అని బ్యాంకులో పనిచేసే ఆవిడ లేచింది. మీటింగుకి రావడం అదే మొదటిసారి.

"గేటు నుంచి లెక్క అందకపోతే ఇది ఏం చూపిస్తుందండీ?"

హాల్లో కిసుక్కుమని నవ్వులు. సాయిశంకర్ ముందు వరసలోంచి లేచాడు.

"మేడం కొత్త కదా, అడ్డు గురించి తెలీదు. మన ఊళ్లో దాన్ని మించిన ఫైలు లేదండీ. నిజంగా నడుస్తున్న వాటిలో అడ్డు పెట్టినవాళ్లు చేతులెత్తండి, ఆవిడ చూస్తారు."

చేతులు లేచాయి. నాకు ఏది కనిపించినా లెక్కపెట్టే అలవాటు. పదిహేడు. ఒకడు ఆసుపత్రిలో రక్తం సీసాల లెక్క అన్నాడు. ఒకడు లాంచీల రాకపోకలు అన్నాడు. ఒకామె మందుల గోడౌన్‌లో చల్లగది అంది. గొప్పగా చెబుతున్నారు.

చంద్రిక చుట్టూ చూసింది. "మరి ఇవన్నీ ఈ నిమిషాన చూపిస్తున్నది ఇవాళ్టిదో మొన్నటిదో ఎవరికి తెలుస్తుంది?"

జ్యోతిర్మయి తెర పక్కనుంచి నా వైపు చూసింది.

"సార్, నేను తీయలేదండి. మీరు తర్వాత అన్నారు."

గోడ గడియారం చూశాను. పదకొండూ ముప్పై ఆరు. బావ ఇంటికి చేరితే అక్క ఫోను చెయ్యాలి. చెయ్యలేదు. బావ సెల్లుకి కొట్టాను. మోగి మోగి ఆగిపోయింది. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారని గుర్తొచ్చింది. సేఫ్టీ గది నంబరుకి కొట్టాను. తవిటయ్య ఎత్తాడు.

"తవిటయ్యా, మూడో బ్లాకులో ఎంతమందున్నారు?"

"సున్నా బాబూ."

"నువ్వు చూసావా?"

"సూత్తన్నాను కదా. సున్నాయే ఉంది."

"కంప్యూటర్ కాదు. మనుషులు బయటికి రావడం చూసావా?"

"నాను పదకొండుకి డ్యూటీ ఎక్కేను బాబూ. ఈ గదిలోంచి ఆ బ్లాకు అవుపడదు."

"టైమెంత చూపిస్తోంది అందులో?"

"పదకొండూ ముప్పైయెనిమిది. సెకన్లు కూడా తిరగతన్నాయి. ఏటి బాబూ, పాడయిపోనాదేటి?"

"తవిటయ్యా, గ్యాస్ ఎప్పుడొదుల్తారు?"

"పన్నెండుకి. వాల్వు దగ్గరున్నాయన ఇందాకే ఫోన్ సేసి అడిగేడు. సున్నా అని సెప్పీసేను."

"వద్దని చెప్పు. లోపల మనుషులున్నారు."

"ఎవులు సెప్పేరు?"

"నేను చెప్తన్నాను."

"మీరే కదా బాబూ ఆ రోజు సెప్పినారు, మనిసి తప్పు సెప్తాడు, ఇది సెప్పదని. మేనేజరుగారు ఆ ముక్క రాయించి గోడకంటించినారు. నా ఎదటే ఉంది. ఇప్పుడు ఫోన్లో ఎవులో సెప్పేరని ఆపీసేనంటే నా నౌకరీ ఉంటాదా?"

వాడు అన్నదాంట్లో తప్పులేదు. హాల్లో నలభై మంది కుర్చీల్లో కదలకుండా నన్నే చూస్తున్నారు. నా వెనక తెర మీద జ్యోతిర్మయి గడియారం తిరుగుతోంది. ఏం చెబితే ఆ మనిషి నమ్ముతాడు? నా మాట కాదు. నా మాటని నేనే కొట్టేశాను.

"తవిటయ్యా, తలుపెనక పాత పలక ఉందా?"

"ఉంది. గొడుగులు తగిలిత్తన్నాం."

"గొడుగులు తీసి మూడో బ్లాకు మేకు చూడు. ఫోను పెట్టీకు. చూసి చెప్పు."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. తలుపు కిర్రుమంది. గొడుగు ఒకటి కింద పడింది.

"బాబూ." గొంతు మారిపోయింది. "నాలుగు బిళ్లలున్నాయి."

ఆ తర్వాత నాకు వినబడినవి పరుగెత్తే అడుగులు. అవి దూరమైపోయాయి. ఫోను అలాగే ఉంది, అవతల ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతున్నట్టు చప్పుడు. సెల్లు చెవికి పెట్టుకుని నిలబడ్డాను. పదకొండూ నలభై ఒకటి. నలభై అయిదు. నలభై తొమ్మిది. జ్యోతిర్మయి ప్రొజెక్టరు ఆపేసింది. వాల్వు దగ్గరున్నాయన గడియారం కాస్త ముందుకి తిరుగుతూ ఉంటే? అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతో ఎనిమిది నిమిషాలు బతికాను. పదకొండూ యాభై ఏడుకి ఎవరో రిసీవరు తీసి, ఒక్క మాటయినా అనకుండా పెట్టేశారు. మళ్లీ కొడితే ఎవరూ ఎత్తలేదు.

పన్నెండూ పన్నెండుకి నా సెల్లు మోగింది.

"ఏటి బావా, నా సెల్లుకి ఫోన్ కొట్టేవంట? తవిటయ్య కూడా బుర్ర పాడైపోనోడిలాగ పరిగెట్టుకొచ్చి ట్యాంకులోకి బొబ్బలెడతన్నాడు. పని కొంచెం మిగిలిపోతే ఆగేం, దానికింత గోలేటి? అక్కకి సెప్పు, బయల్దేరతన్నాను."

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఏదో అన్నాను.

అంతకు ముందురోజు సాయంత్రం కాలవ తవ్వుతున్న పొక్లెయిన్ గేటు నుంచి వచ్చే కేబుల్‌ని తెంపిందని మర్నాడు తేలింది. అప్పటికే మూడో బ్లాకులో అందరూ దిగిపోయారు కాబట్టి చివరిసారి అందిన లెక్క సున్నా. అదే సున్నాని ఆ పేజీ పద్ధెనిమిది గంటలు గడియారంతో సహా చూపించింది.

ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒక మనిషి పోయి ఉంటే కాగితం పుట్టేది, ఎవరో ఒకరు సంతకం పెట్టేవారు, ఆ ఫైలు పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండేది. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ జరగనట్టే అయింది. జ్యోతిర్మయి ఆ వారంలోనే అడ్డు తీసేసింది. నెల తిరక్కుండా మేనేజరు నాకు ఫోను చేశాడు.

"ఏంటండీ మూర్తి గారూ, మీ పేజీ వారానికి రెండుసార్లు ఎర్రగా అయిపోయి లెక్క అందలేదు అంటోంది. ఇంతకు ముందు ఇలా లేదే? మళ్లీ పాతదే పెట్టించండి."

అది జబ్బు కాదు, జబ్బుందని చెప్పడమని రెండు గంటలు వివరించాను. సరే సరే అన్నాడు. తర్వాత ఇంకెవరినో పిలిపించి పాతదే పెట్టించుకున్నాడని బావ చెప్పాడు. వచ్చినవాడు మా హాల్లో కూర్చునేవాడే. ఆ సంగతి తెలిసిన రోజునే బావని ఆ పని మాన్పించి షాపులో కూర్చోబెట్టాను. మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. బిళ్లలు తగిలిస్తున్నారో లేదో తెలియదు.

తర్వాతి మీటింగులో షరతు మార్చాను. పేజీ ఆగినవాడికి నేనే బజ్జీలు పెట్టిస్తాను, వైరు పీకినా పేజీ ఆగనివాడు హాలుకి రావద్దు అన్నాను. నవ్వారు గానీ అప్పటి నవ్వులాంటిది కాదు. రెండు నెలలకి సాయిశంకర్ వాళ్లు మీటింగుని రుషికొండ దగ్గర కొత్త ఆఫీసులోకి మార్చుకున్నారు. అక్కడ లైను తెగదట. అడ్డు ఇంకా బాగుచేశారని, ఇప్పుడు హైదరాబాద్ వాళ్లు కూడా కాపీ చేసుకుంటున్నారని విన్నాను.

నేను మాత్రం ఆ ఆదివారం లేచిన చేతుల వెంట తిరిగాను. షాపు బావకి అప్పగించి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. కొందరిని బతిమాలాను, కొందరికి కొత్త మిషన్ ఇస్తానని ఆశపెట్టాను, ఒకడి మీద కేకలేశాను. నా కళ్ల ముందు తీయించాకే బయటికొచ్చాను. ఏడాదికి పద్నాలుగు అయ్యాయి.

లేచినవి పదిహేడు. అందులో నాకు పొరపాటు లేదు. మిగిలిన మూడు చేతులూ ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకటి స్టీలు గొలుసు గడియారం పెట్టుకున్నది. ఒకటి ఎర్ర మట్టిగాజులది. మూడోది వెనక వరసలో సగమే లేచి దిగిపోయింది. ముఖాలు చూడలేదు. ఆ రోజు నేను లెక్క పెట్టుకున్నానే గానీ మనుషుల్ని చూసుకోలేదు.

ఈ మధ్య మా అక్కకి ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి తీసుకెళ్లాను. హాల్లో గోడకి ఎత్తుగా ఒక తెర ఉంది. ఏ గ్రూపు రక్తం ఎన్ని సీసాలుందో అంకెలు, పైన గడియారం, సెకన్లు తిరుగుతున్నాయి. అక్క కుర్చీలో కూర్చుని, "ఏటిరా అలగ నేలంతా ఎతుకుతన్నావు, ఏటి పారేసుకున్నావు?" అంది.

తెర వెనక నుంచి దిగిన వైరు ఎక్కడికి వెళ్లిందో చూస్తున్నాను.